వియ్యంకుడి సంచిలో తుమ్మచెక్క

మా వియ్యంకుడు పోయారని అల్లుడు ఫోను చేసేటప్పటికి నేను కోయిలకుంట్లలో మా అంగట్లో కందిపప్పు తూకం వేస్తున్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలో పెట్టుకుని కుర్చీలోనే పోయారట. "ఏం ఇబ్బంది పడలేదు మామా" అన్నాడు అల్లుడు. తక్కెడ కింద పెట్టాను. ఆ తర్వాత మనసులోకి వచ్చిన మొదటి మాట చెబితే మీరు నన్ను తిట్టుకుంటారు. 'ఇంక నేను ఎవరిమీద విసుక్కోవాలి' అనుకున్నాను.

నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కమ్మగా రాయడం తెలియదు. ఆయన గురించి పొగడ్తతో మొదలుపెడదామంటే కలం కదలడం లేదు. నన్ను ఆయన పెట్టిన సతాయింపే ముందు గుర్తొస్తోంది. అందుకని అదే రాస్తాను.

ఆయన ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలో మోటార్ల మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. తర్వాత ఇంటి వెనక రేకుల షెడ్డులో రైతుల బోరు మోటార్లకు వైండింగు కట్టేవారు. మా అమ్మాయి ఐటీఐలో వడ్రంగం నేర్చుకుంది. అంగడి పెట్టుకుని బతికే ఇంట్లో ఇదేం పిచ్చో అనుకునేవాణ్ణి. పెళ్లి మాటలప్పుడు, "అత్తగారింటికి వచ్చినాక మానేస్తాదిలే బావా" అని నేనే ముందుగా చెప్పాను. ఆయన నా వైపు వింతగా చూశారు. "కోడలికి పని వచ్చునని సిగ్గుపడేదేంది బావా? రాకపోతే గదా సిగ్గు" అన్నారు. పెళ్లయిన నెలకు షెడ్డులో సగం ఖాళీ చేసి ఇచ్చారు. అంతవరకూ బంగారం. ఆ తర్వాతే మొదలైంది నా బాధ.

అమ్మాయికి రాజంపేటలో కొత్తగా కట్టుకునే ఒక ఇంటివాళ్లు దేవుని గది తలుపులు చేయమన్నారు. దాని మొదటి పెద్ద పని అది. తలుపు పలకల అంచులకు వంపులు, గాడులు తీయడానికి రౌటర్ మిషన్ కావాలి. చేత్తో పట్టుకుని చేస్తే చేయి వణికినచోటల్లా గీత వణుకుతుంది. అందుకని అమ్మాయి ఒక బల్ల చేసుకుంది. దాని కింద మిషన్ను తలకిందులుగా బిగిస్తే, తిరుగుతూ చెక్కను కోసే బిట్టు బల్ల పైకి వస్తుంది. చెక్కను దానికి ఆనించి తోసుకుంటూ పోవడమే. బల్ల సిద్ధం. ఇక మిషన్ కొనాలి. వారం పని అనుకున్నాను. ఉగాది దాటి వినాయక చవితి వచ్చింది.

మిషన్ ఎంచే పని మా వియ్యంకుడు తన మీద వేసుకున్నారు. తోడు నేను. కడప, కర్నూలు, ప్రొద్దుటూరు, అంగడి తర్వాత అంగడి తిరిగాం. ఆయన గుడ్డసంచిలో ఎండి రాయిలా అయిన నల్లతుమ్మ ముక్క ఒకటి ఉండేది. ఏ అంగడికి పోయినా దాన్ని టేబుల్ మీద పెట్టి, "దీన్ని కోసి చూపించప్పా" అనేవారు.

"ఈడ కోస్తే పొట్టు ఎవురు చిమ్మాల పెద్దాయనా?" అన్నాడు కడపలో అంగడాయన.

"పొరక ఇయ్యి, నేనే చిమ్ముతా."

తర్వాత మిషన్ను తలకిందులు చేసి దాని గాలి రంధ్రాల్లోకి కళ్లద్దాలు పెట్టుకుని చూసేవారు. "ఇది ఇట్ల యాలాడతాది. పొట్టంతా దీని నోట్లోనే పడతాది. సిమెంటు దుమ్ము తిని సచ్చిన మోటార్లు నేను శానా చూసినా" అనేవారు. ఎత్తు మార్చే మర బల్ల పైనుంచి అందుతుందా, వేగం తగ్గించే చక్రం ఉందా, తగ్గించినప్పుడు మూలుగుతుందా, అన్నీ చూడాలి. రెండోసారి పోయినప్పుడు ఆ అంగడాయనే, "ఏమప్పా, ఇది మిషన్ బేరమా, పెండ్లిచూపులా?" అన్నాడు. ఈయన ఏమాత్రం నవ్వకుండా, "పెండ్లిచూపులు ఒక్క పూటలో అయిపాయ. కావాలంటే మా బావను అడుగు" అన్నారు. నేను సిగ్గుతో బయటికి వచ్చి నిలబడ్డాను.

కోప్పడదామా అంటే పిల్లనిచ్చినవాణ్ణి. మింగుకోవాలి. ఎంతకాలం మింగుకుంటారు? రాజంపేటవాళ్ల గృహప్రవేశం దగ్గరపడుతోంది. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా నంద్యాల పోయి, డబ్బా మీద బొమ్మ బాగున్న చిన్న మిషన్ ఒకటి కొని, బస్సెక్కి ఎర్రగుంట్లలో దిగాను. బిడ్డ కళ్లు మెరుస్తాయని నా ఆశ. బిడ్డ మాత్రం తన మామ ముఖం చూసింది.

ఆయన గొడవ పడలేదు. నాకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, మిషన్ను బల్లకు బిగించారు. తలుపు పలకలకు వాడే బిట్టు సాసరంత వెడల్పు. దాని కాడ అర ఇంచు లావు. చిన్న మిషన్ మూతిలో అది పట్టనే లేదు. పట్టే బిట్టేదో పెట్టి, తుమ్మముక్క తోశారు. మిషన్ మూలిగింది, చెక్క మాడి పొగ వచ్చింది, తర్వాత ఆగిపోయింది.

"తుమ్మ కాబట్టి ఆగిపాయ బావా. టేకైతే కోస్తాదిలే" అన్నాను.

"ఆగినప్పుడు పాప ఏం చేస్తాది? ఇంకా గట్టిగా తోస్తాది. తోసిన చెయ్యి జారితే యాడికి పోతాది?"

అన్ని ఊళ్లు తిరిగినా నాకు తట్టని సంగతి అది. నేను తలుపుల గురించి ఆలోచిస్తున్నాను. ఆయన వేళ్ల గురించి ఆలోచిస్తున్నారు.

"బలం ఉండేది బిరబిరా పొయ్యేదానికి గాదు బావా. మెల్లగా పోతాన్నా ఆగకుండా ఉండేదానికి" అన్నారు. పెద్ద బిట్టును మెల్లగా తిప్పాలట. మెల్లగా తిరిగేటప్పుడు కూడా, మధ్యాహ్నం మన కరెంటు నీరసించినప్పుడు కూడా, మిషన్ తడబడకూడదట. ఆ తర్వాత నా చిన్న మిషన్ను తుడిచి కోడలి చేతికిచ్చి, "చేతిపనికి ఇది బంగారట్ల ఉండాది, మీ నాయన మంచిదే తెచ్చినాడు" అన్నారు. నా పరువు అలా కాపాడారు.

చివరికి కర్నూలులో ఒక అంగడాయన మా పోరు పడలేక గోదాములోకి తీసుకుపోయి, అర ఇంచు బిట్టు పట్టే పెద్ద మిషన్తో తుమ్మముక్కను కోయనిచ్చాడు. జొన్నరొట్టె తుంచినట్టు తెగింది. వియ్యంకుడు ఆ అంచును వేలితో నిమిరి, నిజంగానే పొరక అడిగి పొట్టు చిమ్మారు.

అయిపోయింది కదా అనుకున్నాను. కాలేదు. ఇంటికి తెచ్చాక మిషన్ను ముట్టుకోనివ్వలేదు. దాని స్విచ్చు ఒకసారి వేస్తే అలాగే పట్టుకుని ఉంటుంది, కరెంటు పోయి వస్తే దానంతట అదే తిరుగుతుంది, అది పనికిరాదు అన్నారు. తొమ్మిది రోజులు కూర్చుని తన సామానుతో ఒక స్టార్టర్ డబ్బా కట్టారు. ఆకుపచ్చ బటన్ నొక్కితేనే మిషన్ తిరుగుతుంది. కరెంటు పోతే డబ్బా దానంతట అదే ఆఫయిపోతుంది, కరెంటు వచ్చాక మళ్లీ నొక్కాల్సిందే. "బోరుకు ఆటో స్టార్టర్ పెట్టుకుంటారు, కరెంటు రాంగానే తిరగాలని. నీళ్లకు అది సరే. వేళ్లకు గాదు" అన్నారు.

మా కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. గంటకు నాలుగుసార్లు రెప్ప వేస్తుంది. వేసినప్పుడల్లా మిషన్ ఆగడం, అమ్మాయి పోయి నొక్కడం. చూడలేక చెవిలో చెప్పాను, "ఆ డబ్బా పీకేసి నేరుగా పెట్టుకో తల్లీ, పని కానీ."

"మామకు నువ్వు చెప్తావా నాయనా?" అంది.

నేను చెప్పలేదు. తలుపులు గడువుకు ఒకరోజు ముందే రాజంపేట చేరాయి. నా బిడ్డ చేసిన ఆ తలుపులు చూసి నేను అక్కడే ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గులేదు. వియ్యంకుడు మెచ్చుకోలు మాట ఒక్కటీ అనలేదు. సంచిలోంచి తుమ్మముక్క తీసి కోడలికిచ్చి, "దీనితో తోపుడు చెక్క చేసుకో పాపా. బిట్టు దగ్గరికి ఇదే పోవాల, చెయ్యి పోగూడదు" అన్నారు. ఆ రోజు ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకున్నారు.

కర్మలన్నీ అయ్యాక అమ్మాయి మళ్లీ షెడ్డు తెరిచింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పలక సగం తోసిందో లేదో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. బిట్టు చుట్టూ పొట్టు ఇరుక్కుని ఉంది. చెయ్యి పెట్టేముందు వైరు పీకమని ఆయన వందసార్లు చెప్పారు. ఆ రోజు దాని మనసు మనసులో లేదు. తుమ్మ తోపుడు చెక్క పక్కన పెట్టి, వంగి, వేళ్లతో పొట్టు తీయసాగింది.

కరెంటు వచ్చింది.

ఫ్యాను తిరిగింది. ట్యూబులైటు వెలిగింది. వెనక చేలో ఎవరిదో బోరు గుర్రుమని లేచింది. మా అమ్మాయి వేళ్లు బిట్టు అంచునే ఉన్నాయి. బిట్టు మాత్రం కదల్లేదు.

అమ్మాయి మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను లేచి ఆ రెండు చేతులూ పట్టుకుని, చిన్నప్పుడు ఆడించినట్టు ఒక్కో వేలూ తాకి చూశాను. పదీ ఉన్నాయి. ఈ వయసులో ఇంత సంతోషం నాకు వస్తుందని అనుకోలేదు. దాన్ని పంచుకోవాల్సిన మనిషి కుర్చీ ఖాళీగా ఉంది.

ఆ డబ్బా ఇప్పటికీ గోడకు ఉంది. వైండింగు వార్నీషు అంటిన ఆయన బొటనవేలి ముద్ర ఆకుపచ్చ బటన్ పక్కనే ఎండిపోయి ఉంది. సాయంత్రం పని ముగించి అమ్మాయి షెడ్డంతా తుడుస్తుంది. డబ్బా దగ్గరికి వచ్చేసరికి గుడ్డను వేలికి చుట్టుకుని, ఆ ముద్ర చుట్టూ ఉన్న దుమ్ము మాత్రమే తీస్తుంది.