కంబళి మీద చోటు

మొన్న ఉదయం నా ఫోనులోకి ఒక బొమ్మ వచ్చింది. "ఒక్క రోజులో కొండలు, గుళ్లు, అరువులు" అని పైన తమిళంలో పెద్ద అక్షరాలు, కింద వరసగా చిన్న చిన్న ఫోటోలు. చిన్నమనూరు ఏటి ఒడ్డున శివాలయం, ద్రాక్షతోటలు, మబ్బు పట్టిన కొండ, తెల్లగా దూకుతున్న నీళ్లు. జలపాతాన్ని మేమూ అరువి అనే అంటాము. అన్నిటికీ చివర ఒక నల్లటి బండ, దాని మీద చేతులు చాచి నిలబడ్డ ఎవరో ఒక జంట. బండ కింద 'ఫోటో తీసుకునే చోటు' అని రాసి ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. అది మా బండ. మా తాత, ఆయన తండ్రి, ఆపై పెద్దలు ఏటా ఒక పూట కూర్చుని ఊళ్ల తగవులు తీర్చిన బండ. బొమ్మ పంపినవాడు నా దాయాది. మా వైపు మాటలో పంగాళి. వరసకు తమ్ముడు. యాత్రలకు వ్యాను నడుపుతాడు.

కోయంబత్తూరు పక్కన పోదనూరులో నేనుండే అద్దె ఇంటికి మేడ ఉంది. ఆ పూటే పెట్టె తెరిచి, కంబళి తీసి మేడ మీద ఎండకు వేశాను. కింది వాటా ఆవిడ బట్టలు ఆరేయడానికి వచ్చి, ఈ ఎండలో కంబళేమిటండీ అని నవ్వింది. పురుగు పట్టకుండా అన్నాను. అంతకుమించి చెప్పడానికి మనసొప్పలేదు. మా ఇంటి కథ పిట్టగోడ దగ్గర చెప్పేది కాదు.

మా పూర్వులు ఎన్నో తరాల కిందట తెలుగు సీమ నుంచి తమిళనాటికి వచ్చి కంబం లోయలో ఒక చిన్న పాళెం కట్టుకుని ఏలుకున్నారు. వాళ్లు తెచ్చుకున్న మర్యాదల్లో ఈ కంబళి ఒకటి. నల్ల గొర్రె ఉన్నితో నేసింది, రంగు తగలనిది. అది ఎక్కడ పరిస్తే అక్కడ సభ. ఇంటి పెద్ద నడుమ కూర్చుంటాడు, మా వంశం వాళ్లు చుట్టూ కూర్చుంటారు. ఒకసారి కంబళి మీద కూర్చున్న మనిషిని లెమ్మనే హక్కు ఎవరికీ లేదు, ఇంటి పెద్దకు కూడా లేదు. అందుకని కూర్చోబెట్టే ముందే ఆలోచించాలి. ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢ శ్రావణాల మధ్య, ఒక శుక్రవారం, కొండ మీద జక్కమ్మ గుడి ముందు, అరువి పక్కనున్న ఆ బండ మీద మేము దీన్ని పరుస్తాము. ఆ తరువాతే అమ్మవారికి అరువి నీళ్లతో అభిషేకం.

పాళెం పోయింది. పొలాలు పోయాయి. మా కోట ఇప్పుడు కొబ్బరికాయలు పోసుకునే గోదాము. సింహద్వారపు రాతి స్తంభాల్లో ఒకటి మాత్రం నిలిచి ఉంది. దానికి వీపు ఆనించి జనం కొబ్బరినీళ్లు తాగుతుంటారు. మా ఇంట్లో ఎవరమూ దేనికీ ఆనుకుని కూర్చునేవాళ్లం కాదు. నేను గోడకు ఆనుకుంటే తాత వెనక నుంచి వచ్చి వేలితో వెన్ను పొడిచేవాడు. ఇసుకలో నాచేత తెలుగు అక్షరాలు దిద్దించినవాడూ ఆయనే. మా వైపు తెలుగు మాట్లాడే నోళ్లే గాని చదివే కళ్లు తక్కువ. రైల్వే ఆఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ నా కుర్చీకి వీపు ఎందుకో నాకు తెలియలేదు. అక్కడ నన్ను వెనకాల ఏమని పిలిచేవారో తెలుసు. ఇక్కడ రాయను.

వ్యాను నడిపే ఈ తమ్ముడి తాత, మా తాతకు స్వయానా తమ్ముడు. భూమి వ్యాజ్యంలో ఆయన మదురై కోర్టుకు వెళ్లి అన్నకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. ఆ ఏడు బండ మీద మా తాత కంబళి పరిచి, వాడి వంశంలో ఎవడూ దీని మీద కూర్చోడు అన్నాడు. వెళ్లగొట్టలేదు, కూర్చోనివ్వలేదు. ఆనాటి నుంచి ఆ శాఖ వాళ్లు కొండకు వచ్చి, కంబళి అంచు తాకకుండా, ఒట్టి బండ మీద చేతులు కట్టుకుని నిలబడేవారు. తమ్ముడి తండ్రిని నేను చూశాను. ఎండకు కాలిన బండ మీద కాళ్లు మార్చి మార్చి మోపుతూ, అభిషేకం అయ్యాక అరువిలోకి దిగి అరికాళ్లు తడుపుకునేవాడు. ఒక్క ఏడు కూడా రాకుండా ఉండలేదు. అలా నిలబడే పోయాడు. ఆ శాఖను తిరిగి కూర్చోబెట్టగలవాడు ఇంటి పెద్ద ఒక్కడే. తాత తరువాత మా నాయన, ఆయన తరువాత నేను.

మా అక్క చిన్నమనూరులో ద్రాక్షతోటల పక్కన చిన్న ఇంట్లో ఒంటరిగా ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. నాకూ లేరు. పోయిన ఆడి నెలలో కొండపూజకు వెళ్లేసరికి ఆమె మోకాళ్లు వాచి ఉన్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా ముందురోజు నుంచే చీర మడిచి పెట్టుకుంది. కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "ఇదే నాకు కడా సారి రా. వాణ్ణి కూకోబెట్టు," అంది.

కడా సారి అంటే చివరిసారి. నేను వినిపించుకోనట్టు కాఫీ తాగాను.

"నీకూ లేరు, నాకూ లేరు. రేపు ఈ కంబళిని పురుగులకు పరస్తావా?"

"కోర్టులో వాళ్ల తాత చెప్పింది మరిచినావా?"

"ఆ జడ్జీ పోయినాడు, వకీళ్లు పోయినారు, నేలా పోయింది. నీ రోషం ఒకటే గట్టిగా బతికుండాది, దొరా."

నామీద కోపం వచ్చినప్పుడు అక్క నన్ను దొరా అనేది.

కొండ కింద అటవీశాఖ గేటు దాకా బస్సు లేదు. తమ్ముడి వ్యానే గతి. ఆ రోజు అందులో కోయంబత్తూరు నుంచి వచ్చిన యాత్రికులు కొందరున్నారు. వాడు మాకని ముందు సీటు ఖాళీగా ఉంచాడు. అక్క కిటికీ పక్కన, నేను కంబళి ఒళ్లో పెట్టుకుని నిటారుగా. వెనక ఎవరో, ఆ పెద్దాయన వీపులో కర్ర పెట్టుకున్నాడా అన్నారు. తమ్ముడు అద్దంలోంచి వాళ్లను ఒక చూపు చూశాడు. తరువాత మళ్లీ ఆ మాట వినపడలేదు.

కంబళికి ఒక వరస ఉంది. ముందు ఏటి ఒడ్డు శివాలయం, తరువాత పెరుమాళ్లు, తరువాత శనీశ్వరుడు, ఒక్కో గుళ్లో దాని మీద తీర్థం చల్లించుకుని, అటు తరువాతే కొండ. ఒకప్పుడు ఆ గుళ్లలో మా తలలకు పట్టుగుడ్డ చుట్టి మేళంతో లోపలికి తీసుకుపోయేవారు. ఇప్పుడు జరగండి, జరగండి అంటారు. జరుగుతాను, వరస మాత్రం తప్పను. శివాలయం బయట తమ్ముడు కొండ పైకి చూసి అన్నాడు:

"అన్నా, మేలే మబ్బు దిగతా ఉండాది. ముందు అరువికి పోయి, గుళ్లు దిగేటప్పుడు చూసుకొందామా?"

"వరస మారదు," అన్నాను.

అక్క నిట్టూర్చింది. "మారదంట పా. దొర చెప్పేసినారు. వండి తియ్యి." వండి అంటే బండి.

మేము గేటు చేరేసరికి అది మూసి ఉంది. పైన వాన కురిసి అరువి ఎర్రగా పొంగుతోందట. కావలివాడు మర్యాదగానే చెప్పాడు. ఇంతకు ముందే పైకి వెళ్లినవాళ్లనూ దించేస్తున్నామన్నాడు. మేము ఎవరమో చెప్పాను. నీళ్లకు అది తెలియదు కదండీ అన్నాడు. చెట్ల వెనక నుంచి అరువి హోరు వినపడుతూనే ఉంది. నేటికీ ఆ వరస తప్పని నేను అనను. కాని ఆ హోరు నా చెవుల్లోంచి పోలేదు.

యాత్రికులు పులిహోర పొట్లాలు విప్పుకున్నారు. కోతులు చేరాయి. అక్క నెమ్మదిగా వ్యాను దిగి, నా చేతుల్లోంచి కంబళి తీసుకుని, గేటు ముందు నేరేడు చెట్టు కింద పరిచేసింది. వద్దనే వ్యవధి ఇవ్వలేదు. పరిచి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"కూకో దొరా. కంబళి పరిచిన చోటే బండ."

కంబళి పరిచి ఉండగా ఇంటి పెద్ద నిలబడి ఉండకూడదు. కూర్చున్నాను.

"తంబీ, ఇట్ల రా," అని అక్క వాణ్ణి పిలిచింది.

తమ్ముడు అప్పటికే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, కంబళి అంచుకు జానెడు దూరంలో, వాళ్ల నాయన నిలబడినట్టే నిలబడి ఉన్నాడు. తారు రోడ్డు, తడి. అక్క నా వైపు చూసింది. నేను పక్కకు జరిగాను. ఒక మనిషి కూర్చునేంత జరిగాను. మా తాత ఆ మాట అన్నాక మా ఇంట్లో ఎవరూ చేయని పని అది.

తమ్ముడు ఆ ఖాళీ వైపు చూశాడు.

"ఈడ వేండాం అక్కా," అని తల అడ్డంగా ఊపాడు.

"ఏల?"

"మా నాయన ఈడ నిలుచుకోలేదు. ఆ బండ మీద, ఎండలో నిలుచుకొన్నాడు. కూకుంటే నేనూ ఆడనే కూకుంటా. గేటుకాడ, కోతులు చూస్తా ఉంటే కాదు."

అక్క పకపకా నవ్వింది. నవ్వు దగ్గుగా మారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "చూడరా వీడి వీపు! మన తాత లేచొచ్చినట్టుండాది. మీ ఇద్దరికీ ఒకటే ఎముక."

నాకు కోపం రావాలి. రాలేదు. వాడి స్థానంలో నేనున్నా ఆ మాటే అనేవాణ్ణి.

అంతలో యాత్రికుల్లో ఒకావిడ, చంకలో బిడ్డ, చేతిలో పొట్లం, ఇంత చోటుందే అనుకుంటూ వచ్చి ఆ ఖాళీలో హాయిగా చతికిలబడింది. అక్కతో తమిళంలో, "అవ్వా, ఊరగాయ ఉందా?" అని అడిగింది. మేము ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. కూర్చున్న మనిషిని లెమ్మనకూడదు. రెండు తరాలుగా మా రక్తానికి దొరకని చోటులో ఆవిడ బిడ్డకు పులిహోర ముద్దలు పెట్టింది. తమ్ముడే వ్యానులోకి వెళ్లి ఊరగాయ సీసా తెచ్చి, కంబళి మీదికి వంగకుండా చేయి చాచి ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు అక్క మా ఇద్దరికీ వినపడేలా చెప్పింది. "వచ్చే ఆడికి నేరుగా మేలకే, ఆ బండకే పోండి. నేనుండినా లేకపోయినా."

మూడు నెలల తరువాత, ఐప్పసి నెల వానల్లో ఒక తెల్లవారుజామున ఆమెకు ఊపిరి అందలేదు. నేను ఫోను చేస్తే తమ్ముడు వ్యానులో మదురై ఆసుపత్రికి తీసుకుపోయాడు. నేను ముందురోజే ఆమెను చూడడానికి వచ్చి ఉన్నాను కనుక పక్కనున్నాను. దారి పొడుగునా వాడు నాతో అన్నది ఒకటే మాట: "తల పట్టుకో అన్నా." పట్టుకున్నాను. మదురై పొలిమేర చేరేసరికి పట్టుకోవలసిన పని లేకపోయింది.

మొన్న సాయంత్రం మేడ మీద కంబళి దులిపి మడిచాను. ఎండకు ఉన్ని వాసన లేచింది, దాని అడుగున ఎక్కడో కాస్త ఊరగాయ వాసన కూడా. ఫోనులో బొమ్మ కింద తమ్ముడి గొంతు ఉంది, అప్పటిదాకా వినలేదు. "అన్నా, ఈ ఆడికి ముందు సీటు నీకని పెట్టినాను. ఏం చేద్దాం, ముందు ఏ గుడి?"

గుళ్లు దిగేటప్పుడు చూసుకుందాం అని జవాబు పంపాను.

ఆ బండ మీద ఈసారి వాడికి చోటుంటుంది. చోటిమ్మని పోరినామె చోటు పక్కనే ఖాళీగా ఉంటుంది. ఒక మనిషిని కూర్చోబెట్టడానికి మా ఇంటికి రెండు తరాలు పట్టింది, ఒక మనిషి లేచిపోవడానికి ఒక్క వానాకాలం చాలింది.