కాకులతోటి మా అత్త పగ

మా మేనత్త పోయిన కబురు నాకు బస్సు కండక్టర్ చెప్పిండు. భద్రాచలం నుంచి వచ్చే బస్సు జూలూరుపాడుల ఆపి, కిటికీలకెల్లి తల బయటపెట్టి, "మీ అత్త పోయిందంట. జల్దీ ఎదురు బస్సెక్కు" అన్నడు. ఏడ్వనీకి గూడ టైమియ్యలే.

ఎండాకాలం గోదారి తగ్గితే వాళ్ల ఊరి ముందట ఇసుక లంక తేలుతది. ఊరోళ్లు వంతులేసుకొని కర్బూజ తోటలు పెడ్తరు. అత్త వంతు ఎగువ కొస. నెత్తిన నల్లటోపీ పెట్టుకున్నట్టుండే తెల్లపిట్టలు ఆ కొసకే వచ్చి, ఒట్టి ఇసుకల గుడ్లు పెడ్తయి. వాటి మీద పరిశోధన చేసే కాలేజీ సారు ఒకాయన వచ్చి అడిగిండు.

"అమ్మా, ఈ కొసల తోట పెట్టకుండ ఇడిచిపెడ్తవా?"

"ఇడిచిపెడ్తె నాకేమొస్తది సారూ?"

"ఏం రాదమ్మా."

"నిజం చెప్పినవ్. కానియ్."

గదే వాళ్ల ఒప్పందం.

మొదటి ఏడు ఎవ్వరూ తొక్కొద్దని సారు గూడు గూడుకు పుల్ల గుచ్చి ఎర్రగుడ్డ కట్టిండు. కాకులు ఆ గుడ్డలు చూసుకుంట వరుసగ దిగి గుడ్లన్ని తిన్నయి. మరుసటేడు అత్త, గుడ్లకు ఎండ తగుల్తున్నదని పాతచీర పీలికలు కప్పింది. తల్లిపిట్టలు బెదిరి మళ్ల రాలే.

"నువ్వు కాకులను పిలిచినవ్, నేను తల్లులను ఎల్లగొట్టిన. ఇగ మన తెలివి చాలు సారూ. కావలి కాద్దాం" అన్నది అత్త.

అప్పటిసంది గుడిసె దూరంగ ఏసుకొని వడిసెలతోటి కాకులను కొట్టుడే పని. సెలవుల్ల సారు, తతిమ్మ రోజులు అత్త. పిల్లలు ఎగిరినయంటే ఇద్దరూ పెండ్లి చేసినంత సంబురపడేటోళ్లు.

"కన్నకొడుకును, నన్నెన్నడన్న గింత కావలి కాసినవా?" అని మా బావ గొణిగేటోడు.

"నిన్ను ఏ కాకి ఎత్తుకపోతదిరా?" అనేది.

నాతోని మాత్రం నవ్వుకుంట అనేది: "నేను పోయినంక నా కూడు కాకి ముట్టదురా అల్లుడా. ఏం మొకం పెట్టుకొని వస్తది?"

గీ ఎండల్ల, గుడ్లు పగిలే టైముకే జరమొచ్చి మంచాన పడ్డది. మల్ల లేవలే.

మూడో దినం గోదారి ఒడ్డున పిట్టకు పెట్టినం. ఆకుల అన్నం, పక్కన ఆమెకు ఇష్టమైనయి: వక్కలు, కల్లు, వడిసెల. పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఒక్క కాకి రాలే.

"వడిసెల చూసి ఏ కాకి వస్తదిరా? తియ్యుండ్రి!" అన్నడు ఓ ముసలాయన. తీసినం. రాలే.

"ఏదో కోరిక మిగిలింది. మాటియ్యి" అన్నరు బావతోటి. బిడ్డ పెండ్లి చేస్తనన్నడు. ఇల్లు కప్పిస్తనన్నడు. తాగుడు మానేస్తనన్నడు. ఆఖరుకు, "అమ్మా, నీ కొసల తోట పెట్టనే" అని ఏడ్సిండు. అయినా రాలే.

చెప్పులు చేతుల పట్టుకొని నిలబడ్డ సారు మా దిక్కు చూస్తలేడు. లంక దిక్కు చూస్తున్నడు.

"అమ్మ మంచం పట్టినంక అటు ఎవరన్న పోయిండ్రా?" అనడిగిండు.

ఇంటోళ్లందరు ఆమె దగ్గరనే ఉండిరి.

అప్పుడు చూసినం. ఎగువ కొస మీద నల్లగ లేస్తున్నయి, దిగుతున్నయి. తెల్లపిట్టల అరుపు ఇవతల ఒడ్డుదాక ఇనొస్తున్నది. బావ వడిసెల గుంజుకొని, తడిబట్టలతోనే సారును పడవ ఎక్కించుకొని పోయిండు. సారు లంక మీద దిగి ఉరికిండు, వంగి చూసిండు, ఇంకోచోట వంగిండు. తర్వాత వంగలే. ఊకె నిలబడ్డడు.

ఇవతల ఆకుల అన్నం ఎండకు గట్టిపడ్డది. కాకులకు ఆ పూట ఆకలి లేదు.