పై పోర్షన్‌లో పొంగిన పాలు

మూసారాంబాగ్‌లో మా ఇంటి పై పోర్షన్‌ను నిరుడు ఒక సూడాన్ జంటకు కిరాయికిచ్చాను. భర్త చదువుకోవడానికి వచ్చాడు. భార్య నిండు గర్భిణి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఏ ఇంటికి వెళ్లినా, ముఖం చూడగానే పోర్షన్ ఖాళీ లేదనేవారట. నేను ఇచ్చాను. ఇచ్చానన్న గర్వాన్ని దాచుకోలేదు కూడా.

ఎదురింటావిడ కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. నోటికి అడ్డూ ఆపూ లేదు.

"ఏంటండీ దొరసాని గారూ, ఎవరూ దొరకనట్టు ఆ నల్లోళ్లకిచ్చారా? కరెంటు పోతే మెట్ల మీద ఎలా కనిపిస్తారండీ?"

"గట్ల మాట్లాడొద్దు. జాతివివక్ష అంటే గదే."

"అబ్బో! మరి మీకు లేదా?"

"మాకెక్కడిది? అధికారం ఉన్నోళ్లకుంటది అది. మా గడీ పాయె, భూములు పాయె. మీ దిక్కోళ్లు మా మాట ఇని నవ్వుతుంటే ఊకున్నోళ్లం మేము."

నిజంగానే అలా నమ్మాను. అన్నీ పోగొట్టుకున్న మాది బాధపడ్డవాళ్ల పక్షమే అనుకున్నాను. మా గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచినవాళ్లను అడిగితే ఏమనేవారో ఆలోచించలేదు.

సూడాన్ వాళ్లు ఇంట్లో దిగిన రోజున ఆ ఎదురింటావిడే పైకి వెళ్లి, కొత్తింట్లో ముందుగా పాలు పొంగించాలనీ, మొదటి గ్లాసు ఇంటి ఓనరుకివ్వాలనీ ఆ అమ్మాయికి చెప్పి కిందికి వచ్చింది. కాసేపటికి ఆ అమ్మాయి పళ్లెంలో రెండు గ్లాసులు పెట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగి వచ్చింది. ఒకటి నాకు, ఒకటి ఆవిడకు ఇచ్చి నవ్వుతూ పైకి వెళ్లింది.

ఎదురింటావిడ గటగటా తాగేసింది. "షుగరు మనిషినే తల్లీ అన్నా వినదే! ఎంత పంచదార పోసిందో!" అంటూ కొంగుతో మూతి తుడుచుకుంది.

 నేను నా గ్లాసును మెట్ల పక్కన మోరీలో ఒంపేశాను.

"అదేంటండీ?"

"మేము బయటి వంటింటివి ముట్టం. మా ఇంటి ఆచారం."

"భలేవారే! పోయినసారి దిగిన గుంటూరు వాళ్ల పాలు నా ఎదురుగానే తాగారుగా?"

తాగాను. వాళ్లంటే నాకు పడకపోయినా తాగాను. అంతలోనే గ్లాసుల కోసం ఆ అమ్మాయి మళ్లీ దిగి వచ్చింది. మోరీలో పాలు ఇంకా తెల్లగా పారుతున్నాయి.

"అమ్మా, పాలు బాగా లేదా?" అంది, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లో.

ఒక్క మాటతో సరిదిద్దుకోవచ్చు. వెన్ను నిటారుగానే ఉంచి, "విరిగినయ్" అన్నాను.

ఆమె ఎదురింటావిడ ముందున్న ఖాళీ గ్లాసు వైపు చూసింది. రెండు గ్లాసుల పాలూ ఒకే గిన్నెలోవి. తర్వాత నా వైపు చూసింది. ఎదురింటావిడ, జీవితంలో మొదటిసారేమో, నోరు మెదపకుండా తల దించుకుంది.

"సారీ అమ్మా," అంది ఆ అమ్మాయి. రెండు గ్లాసులూ తీసుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కింది.

కాన్పు దగ్గరపడింది. ఇక్కడ మాట పెరిగితే ఇంకో ఇల్లు దొరకదని ఆమెకు తెలుసు. నాకూ తెలుసు. ఆ సారీని కాదనకుండా ఉంచేసుకున్నాను.