నానమ్మ పోసిన కల్లూ, పేరు లేని ఫారమూ

ఆ రోజుల్లో దోహాలో తవ్వని రోడ్డంటూ లేదు. ఫుట్‌బాల్ కప్పు వస్తోందని ఊరంతా దుమ్ము లేపుతుండేవారు. పొద్దున కాలేజీకి వెళ్ళిన దారి సాయంత్రానికి ఉండేది కాదు. మా నాన్న అల్ రయ్యాన్ వైపు కడుతున్న స్టేడియంలో సూపర్‌వైజరు, నేను నర్సింగ్ రెండో ఏడు. స్టేడియం లేస్తున్నకొద్దీ ఆయన చిక్కిపోయాడు, పరీక్షలు దగ్గరపడేకొద్దీ నేను లావయ్యాను. (ఇంటి మొత్తం బరువు మాత్రం మారలేదు.) భయం వేస్తే ఏడ్చేవాళ్ళుంటారు, నేను తినేదాన్ని. నజ్మాలో మా సందు చివర కరక్ చాయ్ అమ్మేవాడికి నా పరీక్షల టైంటేబుల్ నాకంటే బాగా తెలుసు.

అలాంటప్పుడు ఒకరోజు మా మేడం క్లాసులో ఫారాలు పంచింది. మలయాళీ ఆవిడ, నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండేది. చాటుగా మేమంతా 'థర్మామీటర్' అనేవాళ్ళం. వైద్యం చదివే పిల్లల మనసులో ఒత్తిడి, తిండి అలవాట్లు, మద్యం, ఈ మూడింటి మీదా ప్రశ్నలు. "పేరు రాయొద్దు. ఎవరిదేదో ఎవరికీ తెలియదు. నిజం రాయండి, చాలు," అంది. మద్యం పేజీ రాగానే క్లాసంతా టకటకా 'లేదు, లేదు' అని టిక్కులు పెట్టేసింది. ఖతర్‌లో ఉంటూ ఆ పేజీలో ఇంకేం రాస్తారు? నేను రాశాను. ఖాళీ వదిలితే మార్కులు పోతాయని చిన్నప్పుడు బడిలో నూరిపోశారు మరి. మొదటిసారి తాగిన వయసు: నాలుగేళ్ళు. ఇచ్చినవారు: నానమ్మ. సందర్భం: పోచమ్మ బోనం. మా జగిత్యాల వైపు అమ్మవారి ముందు కల్లు సాకగా ధారపోశాక మిగిలిన గుక్కెడు పిల్లల నోట్లో పోస్తారు, అది ప్రసాదమే కానీ తాగుడు కాదు. ఈ తేడా చదివేవాళ్ళకు అర్థం కావాలని ఎక్స్‌ట్రా షీటు అడిగి మరీ రాశాను.

బస్సెక్కాక గుర్తొచ్చింది. పేరు రాయలేదు, నిజమే. కానీ ఏ కాగితం చేతికొచ్చినా ముందు పైన 'శ్రీ' అని రాసే అలవాటొకటి ఉంది కదా! క్లాసులో కేరళ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, శ్రీలంక అమ్మాయిలు ఇద్దరు. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. (ఎక్స్‌ట్రా షీటు అడిగిందీ నేనొక్కదాన్నే.) నాన్న వీసా పోతుంది, కట్టిన స్టేడియంలో ఒక్క ఆటైనా చూడకుండానే ఆయన్ను విమానం ఎక్కిస్తారు, అదీ నా మూలంగా. ఇల్లు చేరేలోపు అంతా తేల్చేసుకుని, వెళ్ళగానే ఏడు చపాతీలు తిన్నాను.

"అది కడుపా, చెరువా? ఏమైందే నీకు?" అంది అమ్మ. ఆమెకు చెప్పే ధైర్యం లేక ఊళ్ళో ఉన్న నానమ్మకు ఫోన్ చేశాను.

"నువ్వు నాకు కల్లు పోసిన ముచ్చట ఈడ కాయితం మీద రాసిన నానమ్మా. నాన్నను పంపిస్తరేమో."

"పోసిన. అయితేంది? అమ్మవారి సాక అది. ఆ ఏడు నీకు జరం సుత రాలే. ఆ దుబాయోల్లకు నా పేరు చెప్పు, నేను మాట్లాడ్త. గది సరే గని, ఏమన్న తిన్నవా బిడ్డా?"

మర్నాడు మేడం గదికి పిలుపొచ్చింది. బల్ల మీద నా ఫారం, దాని నెత్తిన నా 'శ్రీ'.

"ఇది నీదేనా?"

"మా నాన్నకేం తెలియదు మేడం, ఆయన చాయ్ తప్ప ఏదీ తాగడు. తప్పంతా మా నానమ్మది!" అని ఏడుపందుకున్నాను. నన్ను అంతగా వెనకేసుకొచ్చిన మనిషిని అర నిమిషంలో పట్టించేశాను.

మేడం లేచి తలుపు మూసింది. "మా అమ్మమ్మ అప్పం పిండిలో కల్లే పోసేది. ఆ అప్పాలు తినే నేనూ పెరిగాను. ఆ సంగతి వదిలెయ్," అని, ఎక్స్‌ట్రా షీటు పక్కన పెట్టి, ఒత్తిడి పేజీ తిప్పి ఒక ప్రశ్న మీద వేలు పెట్టింది. 'కష్టం వస్తే ఎవరితో చెప్పుకుంటారు?' అక్కడా ఖాళీ వదలకూడదని 'ఫ్రిజ్‌తో' అని రాశాను.

"ఇది జోకా?"

అవునందామని నోరు తెరిచి, మళ్ళీ ఏడుపందుకున్నాను. అంతకుముందు ఏడ్చింది భయంతో. ఈసారి మాత్రం ఎప్పటినుంచో దాచుకున్నదంతా కలిపి ఏడ్చాను. మేడం టిష్యూ డబ్బా ముందుకు జరిపింది. "పరీక్షలయ్యేదాకా రోజూ మూడింటికి ఇక్కడికి రా. కరక్ నేను తెప్పిస్తా. ఒక్కటే," అంది. రోజూ వెళ్ళాను. ఆవిడ అప్పుడూ నవ్వలేదు కానీ, నేను మాట్లాడినంతసేపూ వినేది.

కప్పు వచ్చింది, వెళ్ళింది. నాన్న ఒక ఆట చూశాడు కూడా. ఇప్పుడు నేనే పిల్లలకు పాఠాలు చెప్తూ అలాంటి ఫారాలు పంచుతున్నాను. మొన్న ఆ ప్రశ్నకే ఎవరో 'మా పిల్లితో' అని రాశారు. నవ్వొచ్చింది. నవ్వు ఆగాక కాగితం పైనా కిందా, మూలమూలలా వెతికాను, ఎవరిదో తెలుస్తుందేమోనని. ఒక్క గీతైనా లేదు. ఈ కాలం పిల్లలు తెలివైనవాళ్ళు. ఆ రోజు నాకూ అంత తెలివుంటే, మేడం నన్ను కనుక్కునేదే కాదు.