కరుణమ్మ టీచరు, నేను, ఒక జిరాఫీ

మొన్న ఇందుకూరుపేటలో మా ఇంటి వెనక చేలో కోతలయ్యాక కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టారు. మైపాడు వైపు నుంచి వచ్చే ఉప్పు గాలికి ఆ పొగ తిన్నగా మా వసారాలోకి వచ్చింది. నా ఈడువాళ్ళు ఇంకెవరైనా అయితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోతారు. నేను మాత్రం చేస్తున్న పని వదిలేసి ప్రహరీగోడ దాకా వెళ్ళి గుండెల నిండా పీల్చాను. ఎండు గడ్డి కాలిన వాసన, దాని కింద వేడి మట్టి వాసన. దీనికి కాస్త పెట్రోలు వాసన కలిస్తే అచ్చం లువాంగ్వా లోయే అని మా కోడలితో అన్నాను. అత్తయ్యకు మళ్ళీ ఆఫ్రికా పూనిందని ఆ పిల్ల నవ్వింది. పూనితే పూనిందిలే. యాభై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే నా కాళ్ళు ఒకచోట నిలవవు.

మైపాడులో తెప్ప మీద వేటకు పోయే ఇంట్లో పుట్టినదాన్ని నేను. అలాంటిదాన్ని ఓడెక్కి, ఆఫ్రికా దక్షిణ భాగాన ఉన్న జాంబియా దేశానికి వెళ్ళి, సెలవుల్లో మూడు అభయారణ్యాలు తిరిగి వచ్చానంటే దానికి కారణం ఒకే ఒక్క మనిషి. ఆవిడ కరుణమ్మ గారు. మా మిషను బడికి హెడ్మిస్ట్రెస్. పొడుగు మనిషి, సన్నంచు తెల్లచీర, ఒక్క వెంట్రుక కూడా చెదరని ముడి. ఆవిడ వరండాలో నడిచి వస్తుంటే మాకు ఎక్కాలు వాటంతటవే నోటికి వచ్చేసేవి. ఎదురుపడితే ఆవిడ చెప్పుల వంక చూసేవాళ్ళమే తప్ప ముఖంలోకి చూసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

పంతొమ్మిది వందల యాభైల చివర, నేను నాలుగో తరగతిలో ఉండగా, ఆవిడ ఒకరోజు గోడకు జంతువుల పటం తగిలించి పాఠం చెప్పారు. ఏనుగు, సింహం, నీటిగుర్రం అయ్యాక పుల్లతో జిరాఫీని చూపించారు. చిటారు కొమ్మల్లో ఆకులు తింటుంది కాబట్టి దానికి అంత మెడ అన్నారు. నాకు ఒక సందేహం వచ్చింది. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. లేచి అడిగేశాను: మెడ పొడుగే సరే, కాళ్ళు కూడా అంతే పొడుగున్నాయే, మరి నేల మీద నీళ్ళు ఎట్టా తాగుతుంది అని. క్లాసంతా నవ్వింది. కరుణమ్మ గారు నవ్వలేదు. పటం దగ్గరికి వెళ్ళి పుల్లతో మెడ కొలిచారు, తర్వాత కాళ్ళు కొలిచారు. పుల్ల దించి నా వైపు తిరిగారు.

"నాకు తెల్దు చెంగమ్మా. తెలుసుకోని చెప్తా," అన్నారు.

పెద్దవాళ్ళు పిల్లల ముందు తెలియదని ఒప్పుకోవడం నేను అంతవరకు వినలేదు. ఇంటికి పోయి చెబితే మా అమ్మ నమ్మలేదు. అంత చదువుకున్న మనిషికి తెలియకుండా ఎందుకుంటుంది, నిన్ను కూర్చోబెట్టడానికి అలా అనుంటుందిలే అంది. కానీ కరుణమ్మ గారు ఆ మాట పట్టుకుని వదల్లేదు. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా పుస్తకాలు తిరగేసి వచ్చేవారు. నేను పై తరగతులకు వేరే బడికి పోయాక కూడా, ఏడాదికి ఒకసారైనా దారిలో ఆపి, ఇంకా దొరకలేదని ఎంతో బాధ్యతగా చెప్పేవారు. మోకాళ్ళ మీద కూర్చుని తాగుతుందని ఒక పుస్తకంలో ఉందట. ఆవిడకు నమ్మకం కలగలేదు. మొసళ్ళూ సింహాలూ ఉన్నచోట అంత మనిషి మోకాళ్ళు వంచి కూర్చుంటే మళ్ళీ లేచేదెప్పుడు అని నన్నే అడిగేవారు. జిరాఫీని మనిషి అనడం విని నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.

పదేళ్ళు గడిచాయి. నేను ట్రైనింగు ముగించి అదే బడిలో టీచరుగా చేరాను. ఆ ఏడే ఆవిడ కళ్ళకు నీటికాసులని మద్రాసు డాక్టర్లు తేల్చారు. చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. ఎదురుగా ఒక చిన్న గుండ్రంలో ఉన్నదే కనబడుతుంది, పక్కనున్నదేదీ కనబడదు. ఆ గుండ్రం కూడా రెండేళ్ళలో మూసుకుపోతుందన్నారు. ఆవిడ తమ్ముడు జయానందం గారు జాంబియాలో ఒక ఆసుపత్రిలో డాక్టరు. కబురు విని, చూపు ఉండగానే ఒకసారి వచ్చి పొమ్మని, తోడుకు ఎవరినైనా తెచ్చుకోమని రెండు ఓడ టిక్కెట్లు పంపారు. కరుణమ్మ గారు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచారు. నేనేదో తప్పు చేశాననుకుని గుమ్మంలోనే ఆగిపోయాను.

"చూపు పొయ్యేలోపల జిరాఫీ నీళ్ళు తాగేది చూడాల. నాకు పక్క చూపు లేదు. ఆ చూపు నువ్వై వస్తావా?" అని అడిగారు.

ఆ రోజు బడి నుంచి మైపాడు దాకా నేను నడిచానో పరిగెత్తానో తెలియదు. మా నాయన పంపడనే అనుకున్నాను. ఆయన కరుణమ్మ గారి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఆ ఓడ నడిపేవాళ్ళకు గాలివాటం తెలుసా అని ఒక్కటే అడిగాడు. తెలుసని ఆవిడ పూచీ ఇచ్చాక సరేనన్నాడు.

బొంబాయిలో ఓడెక్కి దారెస్సలాంలో దిగి, అక్కడి నుంచి బస్సుల్లో రోజుల తరబడి కుదుపులు తిని జయానందం గారింటికి చేరాం. దిగేసరికి ఇద్దరి తెల్లచీరలూ ఎర్రమట్టి రంగు తిరిగాయి. వారం తిరక్కముందే ఆయన జీపులో మొదటి అడవికి, కఫూయేకి బయలుదేరాం. అడవి అంటే నేను చీకటిగా ఉంటుందనుకున్నాను. అక్కడ పచ్చగడ్డి బీళ్ళలో మోకాలి లోతు నీళ్ళు, మా ఊళ్ళో నాట్లకు నీళ్ళు పెట్టిన పొలాల్లాగా. ఆ నీళ్ళలో వేలకు వేలు దుప్పులు. ఇంకొంచెం పోతే మడుగులో నీటిగుర్రాలు ఆవులిస్తున్నాయి. నాకు అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు, అంత సంబరం. కరుణమ్మ గారు మాత్రం దుర్భిణీ కళ్ళకు పెట్టుకుని ఏదీ, ఎక్కడ అని వెతుకుతూనే ఉన్నారు. ఆ గుండ్రాన్ని జంతువు మీదికి తెచ్చేసరికి అది కాస్తా వెళ్ళిపోయేది. నాలుగు రోజులు తిరిగాక అక్కడి కాపలాదారును అడిగితే చెప్పాడు, ఈ అడవిలో జిరాఫీలు అసలు ఉండనే ఉండవట. అవి కావాలంటే దేశానికి ఆ చివర, లువాంగ్వా నది లోయకు పోవాలట. జయానందం గారు తల పట్టుకున్నారు. అన్నేళ్ళుగా ఆ దేశంలో ఉండి ఆసుపత్రి గేటు దాటి ఎరగరు పాపం.

రెండు రోజులు ప్రయాణం చేసి లువాంగ్వా చేరాం. దారిలో ఒకచోట గేటు వేసి ఉంది. ఒకతను చిన్న వల పట్టుకుని వచ్చి జీపు లోపలా కిందా వెతికి జోరీగల్లాంటి ఈగలను పట్టుకున్నాడు. పశువులకు రోగం తెచ్చే ఈగలట. ఆ వల చూడగానే మా ఊరివాడు కనబడినట్టయి నవ్వాను, అతనూ నవ్వాడు. ఆ లోయలో మేం తిరిగినవి రెండు అడవులు. మొదటిదాంట్లో మాకు దారి చూపడానికి బండా అనే ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, భుజాన తుపాకి. ఆయన చెప్పేది జయానందం గారు మాకు తెలుగులో చెప్పేవారు.

ఇక్కడ మా రేవు అలవాటు ఒకటి చెప్పాలి. పెద్ద వల వేసేటప్పుడు మా నాయన దిబ్బ మీద నిలబడి నీళ్ళ రంగు చూస్తుండేవాడు. చేపల మంద కనబడగానే తువ్వాలు గాల్లో తిప్పుతూ గొంతు చించుకుని అరిచేవాడు. ఆ అరుపును బట్టే పడవ వలను చుట్టూ తిప్పేది. మా ఇంట్లో కనబడిందంటే అరవాల్సిందే, అరవకపోతే చూసినట్టు కాదు. రెండో రోజు పొద్దున మడుగు వైపు అయిదు జిరాఫీలు వరసగా నడిచి వస్తున్నాయి. ముందున్నది నీటి అంచున కాలు పెట్టింది. నేనేం చేశానో నాకే తెలియదు. సీటెక్కి నిలబడి, కప్పుకున్న తువ్వాలు లాగి తల మీద తిప్పుతూ, అదిగో ఎడం పక్క అని రేవంతా వినబడేటట్టు అరిచాను. కరుణమ్మ గారు దుర్భిణీతో ఇటు తిరిగేసరికి దుమ్ము తప్ప ఏమీ లేదు.

జయానందం గారు ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో రెండు తిట్టారు. బండా మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్నేళ్ళలో జిరాఫీలను చూసి ఇలా తువ్వాలు తిప్పి ప్రార్థన చేసినవాళ్ళు ఎవరూ లేరన్నాడట. నేను సీట్లో కూలబడి ఏడ్చాను. ఆవిడ ఇంత దూరం వచ్చింది ఆ ఒక్కదాని కోసం, దాన్ని నేను చేజేతులా తరిమేశాను. కాసేపటికి కరుణమ్మ గారి చెయ్యి నా భుజం మీద పడింది.

"ఎట్టా పరిగెత్తినాయే?"

"బాగా పరిగెత్తినాయి టీచరమ్మా."

"బాగా అనేది నాకు కనపడదు. కనపడేది చెప్పు."

ముక్కు తుడుచుకుని గుర్తు తెచ్చుకున్నాను. వెనక కాళ్ళు రెండూ ముందు కాళ్ళను దాటి బయటికి పడుతున్నాయని చెప్పాను. ఒళ్ళంతా తొందరపడుతున్నా మెడ మాత్రం తీరిగ్గా ముందుకీ వెనక్కీ ఊగుతోందని, తోక వీపు మీదికి చుట్టుకుందని చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విని, ఇప్పుడు కనబడిందన్నారు. నాకు అంతవరకు చూడటం వచ్చనే అనుకున్నాను. చూడటం నేర్చుకోవడం మొదలుపెట్టింది ఆ పూటే.

ఆ సాయంత్రం నుంచి ఆవిడ కొత్త పద్ధతి పెట్టారు. అరుపు లేదు, మాట లేదు. ఏదైనా కనబడితే నేను రెండు చేతులతో ఆవిడ తల పట్టుకుని అటు తిప్పాలి. హెడ్మిస్ట్రెస్ తల పట్టుకుని తిప్పడమా. గుడారాల దగ్గర సొరకాయల్లాంటి కాయలు వేలాడే చెట్టు కింద కూర్చోబెట్టి, కొమ్మల మీద కోతులతో నాకు అభ్యాసం చేయించారు. మొదట వేళ్ళు ఆనీ ఆననట్టు పెట్టాను. గట్టిగా పట్టుకో, నేనేం గాజుబొమ్మను కాదని కసిరారు. మూడో రోజుకు ఆ ముడి వదులై మెడ మీదికి జారినా ఇద్దరమూ పట్టించుకోలేదు. బండా నాకు ఇంకొకటి నేర్పాడు. జంతువు కోసం వెతకొద్దు, జింకలన్నీ ఎటు చూస్తున్నాయో అటు చూడమన్నాడు. మా నాయన సముద్రం మీద పక్షులను చూసి చేపల జాడ పట్టినట్టే. ఆ లెక్కన గడ్డిలో సింహం చెవి ఒక్కటి ముందు నాకే కనబడింది. తల తిప్పాను, ఆవిడ చూశారు, నా అరచేతుల్లో ఆవిడ దవడలు నవ్వుకు కదిలాయి. ఏనుగులు పిల్లలతో నది దాటడం కూడా ఆవిడ మొదటి నుంచి చివరి దాకా చూశారు. జిరాఫీలు మాత్రం దూరాన ఆకులు తింటూ కనబడ్డాయి గానీ నీళ్ళ జోలికి రాలేదు.

మిగిలింది మూడో అడవి, అందులోనూ ఒక్క పొద్దు. మర్నాటికి జయానందం గారు ఆసుపత్రిలో ఉండాలి. తెల్లవారుతుండగానే నది గట్టున జీపు ఆపుకుని కూర్చున్నాం. గువ్వలు వచ్చాయి, జింకలు వచ్చాయి, అడవిదున్నలు వచ్చి నీళ్ళు కలిచి పోయాయి. ఎండ ఎక్కింది. జయానందం గారు మూడుసార్లు గడియారం చూశారు. అప్పుడు జింకలన్నీ ఒక్కసారిగా అవతలి గట్టు వైపు తలెత్తాయి. చెట్ల మీదుగా ఒక జిరాఫీ తల. అరుపు పళ్ళ దాకా వచ్చింది. పెదవి కొరుక్కుని, ఆవిడ తల రెండు చేతులా పట్టుకుని తిప్పాను.

అది వచ్చింది. నిలబడింది. ఏదో అనుమానం తోచి వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. నదికి ఆ పక్క కావడంతో వట్టి కళ్ళకు దాని ఆకారమే కనబడుతోంది. దుర్భిణీ ఒక్కటే ఉంది, అది ఆవిడ దగ్గరుంది. ఆవిడ ఊపిరి కూడా మెల్లగా తీస్తూ నాకు చెబుతున్నారు.

"ముందు కాళ్ళు పక్కలకు జరపతా ఉండాది చెంగీ. ఇంకా జరపతా ఉండాది. మోకాళ్ళు కాదే, మోకాళ్ళు కాదు. తల దించతా ఉండాది. ఆనింది, మూతి నీళ్ళకు ఆనింది."

అంతటితో ఆవిడ దుర్భిణీ తీసి నా కళ్ళకు పెట్టేశారు. వద్దు టీచరమ్మా, మీరు చూడండని నెట్టబోయాను. నా మెడ వెనక చెయ్యి వేసి గట్టిగా ఒత్తి పట్టుకున్నారు.

"నా వంతు అయింది. అడిగింది నువ్వు. చూడు," అన్నారు.

చూశాను. చాచిన కాళ్ళ మధ్య అంత మెడ కిందికి వంగి ఉంది. నీరు తాగిన ప్రతిసారీ మెడ పొడవునా ఒక గుటక కింది నుంచి పైకి పోతోంది. ఉన్నట్టుండి తల ఒక్క విసురుతో పైకి లేపింది. మూతి నుంచి నీళ్ళు వంపుగా గాల్లోకి లేచి ఎండలో మెరిశాయి. కాళ్ళు రెండూ ఒక్క గెంతులో దగ్గరికి వచ్చాయి. నేను దుర్భిణీ ఆవిడకు అందించేసరికి అది చెట్లలోకి వెళ్ళిపోయింది. అది తల ఎత్తడం ఆవిడ చూడలేదు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ కోపంలోనే, ఎక్కడా బాగా అనకుండా, చూసినదంతా చెప్పాను. ఆవిడ చిన్నపిల్లలాగా నోరు తెరుచుకుని విన్నారు.

ఊరికి వచ్చిన మొదటి సోమవారమే నాలుగో తరగతికి వెళ్ళి ఆ పాత ప్రశ్నకు జవాబు చెప్పారు. జిరాఫీ మూతి నీళ్ళకు ఆనిందాకా చెప్పి ఆగారు. నేను చూసింది ఇంతే, మిగతాది చూసినామె వేరే ఉందని నన్ను పిలిచారు. రెండేళ్ళకు ఆ గుండ్రం మూసుకుపోయింది. అయినా బ్రతికి ఉన్నన్నాళ్ళూ ఏటా నాలుగో తరగతికి నా చెయ్యి పట్టుకుని వచ్చి ఆవిడ సగం ఆవిడ చెప్పేవారు, నా సగం నేను చెప్పేదాన్ని. తను చెబితే నేను మరిచిపోతానేమోనని, నా సగంలోది ఒక్క ముక్క కూడా ఆవిడ చెప్పలేదు.

ఆవిడ పోయాక రెండు సగాలూ నావే అయ్యాయి. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో చెప్పాను, ఇప్పుడు వీధిలో ఎవరి పిల్లలు దొరికితే వాళ్ళకు చెబుతాను. జిరాఫీ మూతి నీళ్ళకు ఆనిన చోటికి రాగానే నా నోరు దానంతటదే ఆగిపోతుంది. తర్వాత ఏమయిందని పిల్లలు తొందరపెడతారు. మెడ వెనక ఆవిడ చెయ్యి పడేదాకా ఆగి, అప్పుడు చెబుతాను.