రెండుగా కోసిన గైడు

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు పీజీ ప్రవేశ పరీక్షకు ఎలా చదవాలో తెలుసుకుంటానని మా ఇంటికి వచ్చింది. బాన్సువాడలో ఇన్నేళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, నన్నే అడుగుతుందనుకుని చొక్కా మార్చుకుని కూర్చున్నాను. "పెద్దబాపు, కాలేజీ అత్త వస్తనన్నది. మా ఇంట్ల లొల్లి ఎక్కువ, ఈడ కూసుంటం" అని, నా కుర్చీ కూడా లోపలికి తీసుకుపోయింది. కాలేజీ అత్త అంటే నా భార్య స్నేహితురాలు, ఇప్పుడు కాలేజీలో చరిత్ర చెబుతోంది. ఈ పరీక్ష విషయంలో మా ఇంట్లో నన్ను పక్కన పెట్టడం ఇది రెండోసారి.

మొదటిసారి పక్కన పెట్టింది నా భార్య. పెళ్లైన కొన్నేళ్లకు చరిత్రలో ఎం.ఏ. చదువుతానన్నది. చరిత్ర పుస్తకాలు బాగా చదివినవాణ్ణి. సాయంత్రాలు ఆమె ఎదురుగా కూర్చుంటుందని, నేను చెబితే వింటుందని ఊహించుకున్నాను. ఏ వారం ఏ పాఠమో రాసి వంటింటి గోడకు అంటించాను. "మంచిగ రాసినవ్" అన్నది. ఆ కాగితం మీద పోపు చిట్లి పడుతూనే ఉంది. ఆమె తీయలేదు, చూడనూ లేదు.

డిగ్రీలో ఆమెతో చదివిన ఈ స్నేహితురాలు అప్పట్లో ఊరి అవతల తండాలో ఉండేది. నన్ను అన్నా అనేది, అందుకని వాళ్లిద్దరూ వదినలయ్యారు. ఇద్దరికీ కలిపి ఒకటే గైడు. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కూరగాయల కత్తితో దాన్ని వీపు దగ్గర రెండుగా కోస్తున్నారు. పుస్తకం మూల మడిస్తేనే ఓర్చుకోలేని మనిషిని, గుమ్మంలోనే నిలబడి కత్తి వంక చూశాను.

"గట్ల సూస్తవేంది? ముందు సగం నాది, ఎన్క సగం వదినెది. సదువుకొని ఒకలకొకలం చెప్పుకుంటం" అన్నది నా భార్య.

మరి నేనేం చేయాలని అడిగాను.

"నీకు అన్నీ తెలుసు గద అన్నా. నీకేం చెప్తం?" అన్నది స్నేహితురాలు. ఇద్దరూ నవ్వారు.

అప్పటి నుంచి నేను ముందు గదిలో దినపత్రిక పట్టుకుని, పేజీ తిప్పకుండా వినేవాణ్ణి. నా భార్య పాఠం చెబుతూ సరిగ్గా ముఖ్యమైన చోట ఆగేది. "ఇగ గా రాజు జాగల నువ్వున్నవనుకో. ఏం జేస్తవ్?" అనేది. స్నేహితురాలు రాజ్యం మునిగిపోయే జవాబేదో చెప్పేది, ఇద్దరూ పగలబడి నవ్వేవారు. సరైన జవాబు నాకు తెలుసు. నన్నెవరూ అడగలేదు. తండా మాటలు కొన్ని నా భార్యకు కూడా వచ్చాయి, వాటి అర్థం నాకు చెప్పలేదు. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారంటే, గుంట భూమి లేకపోయినా, ఊళ్లో అందరికంటే నేనే సంతోషించేవాణ్ణి. నాట్లు పడితే స్నేహితురాలికి రావడం కుదరదని నా లెక్క. ఆ వారం నా భార్యే తన సగం గైడు సంచిలో వేసుకుని పొలం గట్టుకు పోయింది.

ఇద్దరికీ సీటు వచ్చింది. ఫలితం చూసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆమె మొదట ఫోన్ చేసింది తండాకు.

నా భార్య చనిపోయాక రెండు వానకాలాలు గడిచాయి. ముఖం గుర్తుంది. మాట తీరు గుర్తు తెచ్చుకోవడానికి ఇప్పుడు కష్టపడుతున్నాను. ఆదివారం వరండాలో నిలబడి ఉంటే లోపల చెబుతున్న పాఠం ఆగింది. ఆ ఆగడం నాకు తెలుసు. "ఇగ గా రాజు జాగల నువ్వున్నవనుకో" అని వినబడింది. గుమ్మం దగ్గరికి పోయి, అచ్చం ఆమె చెప్పినట్టే ఉందన్నాను.

"ముందు సగం మొత్తం నాకు వదినె చెప్పినట్టే యాదికున్నది అన్నా. వేరే తీరుగ చెప్పుడు నాకు రాదు."

నా దగ్గర ఆమె చీరలు, కళ్లద్దాలు ఉన్నాయి. ఆమె మాట ఇక్కడ ఉంది. కృతజ్ఞత కలిగిందని రాస్తే బాగుంటుంది. కలిగింది అసూయే, వెనకటిదే, ఏమీ తగ్గలేదు. కుర్చీ లేదు కనుక గడప మీదే కూర్చున్నాను.

"నువ్వు చెప్పన్నా. ఏం జేస్తవ్?"

సరైన జవాబు ఇప్పటికీ తెలుసు. రాజ్యం మునిగిపోయే జవాబే చెప్పాను. లోపల ఇద్దరూ నవ్వారు. నా వంతు రావడానికి ఇంత కాలం పట్టింది, అది వచ్చేసరికి నన్ను అడగవలసిన మనిషి లేదు.