చెరుకు గడలు చూసి వెళ్లిపోయిన అర్మాండో అంకుల్

చక్కెర వేసి గిలకొట్టిన చిక్కటి కాఫీ వాసన ఎక్కడ తగిలినా నాకు ప్లేనో ఊళ్లో మా పక్కిల్లు గుర్తొస్తుంది. తారు రోడ్డు మెత్తబడే వేసవి ఎండల్లో, స్ప్రింక్లర్ల కింద తడిసి వచ్చిన మా పిల్లమూకను పిలిచి, జామపండు హల్వా ముక్కల మీద ఉప్పటి చీజ్ పెట్టి ఇచ్చేవారు అర్మాండో అంకుల్. క్యూబా నుంచి పడవలో వచ్చిన మనిషి. నాకు పియానో నేర్పేవారు. ఆయనతో ఉండే తొమాస్ అంకుల్ తనకు పినతండ్రి కొడుకని వీధిలో అందరికీ చెప్పేవారు. పోలీసు కారు మలుపు తిరిగితే చాలు, అంకుల్ వేళ్లు పియానో మీద ఆగిపోయేవి.

ఒక వినాయక చవితికి అమ్మ ఇద్దరినీ భోజనానికి పిలిచింది. ఇల్లంతా ఉండ్రాళ్ల ఆవిరి, కాగుతున్న నెయ్యి, పత్రి పచ్చివాసన. పూజ దగ్గర నాన్న ఆకులతో సహా చెరుకు గడలు నిలబెట్టారు. లోపలికి వస్తూనే వాటిని చూసిన అర్మాండో అంకుల్ ముఖం పాలిపోయింది. బూట్లు కూడా వేసుకోకుండా వెళ్లిపోయారు. సారీ చెప్పి తొమాస్ అంకుల్ వెనకాలే పరిగెత్తారు.

"మన పూజ నచ్చలేదంటావా?" అంది అమ్మ.

"వదిలెయ్, ఒంట్లో బాలేదేమో," అన్నారు నాన్న.

తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేను పెద్దయ్యాక తొమాస్ అంకుల్ పోయారు. అర్మాండో అంకుల్ మేనకోడలి దగ్గరికి మయామీ వెళ్లిపోయారు.

పోయిన నెల ఇక్కడ ఒక చిన్న హాల్లో డాక్యుమెంటరీ వేశారు. పోస్టర్ మీద అర్మాండో అంకుల్ ముఖం చూసి అమ్మను తీసుకెళ్లాను. స్పానిష్ మాటలకు కింద పడే ఇంగ్లీషు అక్షరాలు అమ్మకు ఆనవు కనుక, చెవిలో తెలుగు చేసి చెబుతూ కూర్చున్నాను. కాలేజీ రోజుల్లో క్యూబా ప్రభుత్వంవాళ్లు మిలిటరీ సర్వీసని పిలిచి, అంకుల్‌ను ముళ్లకంచె లోపల దించారట. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు విప్లవానికి పనికిరారని, చెరుకు తోటల్లో గొడ్డుచాకిరీ చేయించారట. "మిమ్మల్ని మగాళ్లను చేస్తాం," అని కాపలావాళ్లు నవ్వేవారట. చెరుకు ఆకుల అంచులకు తెగిన చేతులతో మళ్లీ పియానో ముట్టడానికి ఏళ్లు పట్టిందట. తొమాస్ పరిచయమైంది ఆ కంచె లోపలే. తొమాస్ బతికున్నన్నాళ్లూ భయంతో అంకుల్‌ను నోరు విప్పనివ్వలేదట. "అతను నా బంధువు కాదు," అన్నారు అంకుల్ చివర్లో. ఆ తర్వాతి మాటకు తెలుగు వెతుక్కుని, "నా మనిషి" అని చెప్పాను. సినిమా తీయడం పూర్తికాకముందే ఆయన చనిపోయారని తెర మీద పడింది.

కారెక్కాక అమ్మ అంది: "పక్కింట్లోనే ఉన్నారు కదే! ఇక్కడ ఎవరికి భయపడ్డారు?"

"మనకేనమ్మా."

అమ్మ సీటు బెల్టు పెట్టుకుంది. "ఇద్దర్నీ ఒకే చోట పూడ్చారో లేదో కనుక్కో," అంది.

కనుక్కున్నాను. తొమాస్ అంకుల్ ఇక్కడే, ప్లేనో శ్మశానంలో ఉన్నారు. అర్మాండో అంకుల్‌ను మాత్రం బంధువులు మయామీలో పూడ్చారు. మా పాత వీధిలో ఆ ఇంటిని పడగొట్టి మేడ లేపారు. అందులో వాళ్లకు ఈ పేర్లు తెలియవు. అమ్మకు ఇంకా చెప్పలేదు.